1970ల నాటి బీమా పాలసీతో ఇప్పటి ల్యాండ్‌ఫిల్ శుద్ధి ఖర్చు రాబట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. మీ నాన్నగారు 1989లో న్యూజెర్సీలో ఒక చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ కంపెనీని కొన్నారు. ఆ కంపెనీ 1958 నుంచి నడుస్తోంది. 1968 ప్రాంతం నుంచి 1970ల చివరి వరకు, పాత యజమాని హయాంలో, వాడేసిన సాల్వెంటును (లోహాన్ని శుభ్రం చేసే రసాయనాన్ని), ప్లేటింగ్ తొట్ల అడుగున మిగిలిన మడ్డిని ఒక లారీ కాంట్రాక్టరు తీసుకువెళ్లి ఒక ల్యాండ్‌ఫిల్‌లో, అంటే చెత్త పూడ్చే స్థలంలో, పోసేవాడు. ఆ ల్యాండ్‌ఫిల్ ఇప్పుడు సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే శుద్ధి చేయాల్సిన కలుషిత స్థలాల ప్రభుత్వ జాబితాలో, ఉంది. మీకు ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) నుంచి ఉత్తరం వచ్చింది. శుద్ధి ఖర్చులో మీ వాటా 12 లక్షల డాలర్ల దాకా ఉండవచ్చని, అక్కడే వ్యర్థాలు పోసిన ఇతర కంపెనీల తరఫు న్యాయవాది చెప్పారు. కాలుష్యానికి మీ పాలసీ వర్తించదని ఇప్పటి బీమా ఏజెంటు తేల్చేశారు. యాభై ఏళ్ల కిందటి పాలసీలు ఇప్పుడు ఏమైనా అక్కరకొస్తాయా అన్నది మీ ప్రశ్న.

అక్కరకొస్తాయి. 1986కు ముందు మీ కంపెనీ కొన్న, ఇతరులకు కలిగిన నష్టానికి బీమా ఇచ్చే కాంప్రహెన్సివ్ జనరల్ లయబిలిటీ పాలసీలు, అంటే ఈ రంగంలో అందరూ సీజీఎల్ అని పిలిచే పాలసీలు, ఈ ఖర్చులో పెద్ద భాగాన్ని, మీ న్యాయవాది ఫీజుతో సహా, భరించే అవకాశం బలంగా ఉంది. అయితే ఆ పాలసీలు ఉండేవని మీరు రుజువు చేయాలి, ఆ పాలసీల మీద హక్కు మీ కంపెనీకే ఉందని తేలాలి, ఎవరికీ ఒక్క డాలరైనా ఇవ్వకముందే ఆ బీమా కంపెనీలకు నోటీసు వెళ్లాలి.

నేను న్యాయవాదిని కాను. 26 ఏళ్లుగా పర్యావరణ క్లెయిముల పనిలో ఉన్నాను. మొదటి 8 ఏళ్లు ఒక బీమా కంపెనీలో కూర్చుని ఇలాంటి క్లెయిములను పరిశీలించాను. ఆ తర్వాత నుంచి కంపెనీల తరఫున, చిన్న పట్టణాల తరఫున పాత పాలసీలను వెతికే పని చేస్తున్నాను. దీనికి ఇక్కడ ‘ఇన్సూరెన్స్ ఆర్కియాలజీ’ అనే పేరు స్థిరపడింది. నేను రాసేది అమెరికాకు, అందులోనూ ఎక్కువగా న్యూజెర్సీకి సంబంధించినది.

మీ ఏజెంటు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది ఇప్పటి పాలసీ గురించి మాత్రమే. పాత సీజీఎల్ పాలసీ ‘అకరెన్స్’ ప్రాతిపదికన పనిచేస్తుంది. క్లెయిము ఏ సంవత్సరంలో వచ్చిందన్నది అందులో ప్రశ్న కాదు. నష్టం ఏ సంవత్సరంలో జరిగిందన్నదే ప్రశ్న. 1972లో మీ కంపెనీ పోయించిన సాల్వెంటు 1972లో, 1973లో, ఆ తర్వాత ప్రతి ఏడాదీ కొద్దికొద్దిగా భూగర్భజలంలోకి దిగుతూ ఉంటే, ఆ ప్రతి ఏడాది పాలసీకీ ఆ ఏడాది జరిగిన నష్టం మేరకు బాధ్యత ఉంటుంది. పాలసీ గడువు 1973లో ముగిసిపోయినా, ప్రీమియం కట్టిన యజమాని చనిపోయినా, ఆ ఏడాది నష్టానికి ఇచ్చిన హామీ ముగిసిపోదు. కారు బీమా, ఆరోగ్య బీమా అలవాటైన మనకు గడువు తీరిన పాలసీ అంటే చిత్తుకాగితం అనిపిస్తుంది. ఈ ఒక్క పొరపాటు అభిప్రాయం వల్ల చేతిలో ఉన్న డబ్బును వదులుకున్న కుటుంబాలను నేను చాలా చూశాను.

పాలసీ ఏ సంవత్సరానిదన్నది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఆ ఫారం చరిత్ర కొంత తెలియాలి. 1940ల మొదట్లో వచ్చిన ప్రామాణిక ఫారం ‘ప్రమాదం’ వల్ల కలిగే నష్టానికి బీమా ఇచ్చేది. 1966లో దాన్ని మార్చి, ఒకే పరిస్థితికి నిరంతరంగా లేదా పదేపదే గురికావడం వల్ల కలిగే నష్టాన్ని కూడా, పాలసీదారు దాన్ని ఊహించి గానీ కోరి గానీ చేయనంత వరకు, చేర్చారు. ల్యాండ్‌ఫిల్ నుంచి ఏళ్ల తరబడి ఊరే లీచేట్, అంటే చెత్తలోంచి కిందికి దిగే విషపు నీరు, ఈ మాటలకు సరిగ్గా సరిపోతుంది. 1970 నుంచి ఎండార్స్‌మెంటుగాను (పాలసీకి జతచేసే సవరణగాను), 1973 ఫారంలో నేరుగాను ఒక కాలుష్య మినహాయింపు వచ్చింది: కాలుష్యానికి బీమా ఉండదు, అయితే అది ‘సడెన్ అండ్ యాక్సిడెంటల్’గా (అకస్మాత్తుగా, ప్రమాదవశాత్తు) వెలువడితే ఉంటుంది. చివరికి 1986 ఫారంలో ఆ వెసులుబాటు కూడా తీసేసి సంపూర్ణ మినహాయింపు పెట్టారు. మీ ఏజెంటు చూపించింది దాని సంతతినే.

కాబట్టి మీకు పోరాటానికి అన్నిటికంటే తేలికైనవి 1966 నుంచి 1970 వరకు ఉన్న పాలసీలు. వాటిలో కాలుష్య మినహాయింపే లేదు. ఆ తర్వాతివి, అంటే 1985 దాకా ఉన్నవి, రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

ఇక్కడ మీకు న్యూజెర్సీ కలిసి వస్తుంది. మార్టన్ ఇంటర్నేషనల్ కేసులో 1993లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు 1970ల నాటి మినహాయింపు వెనుక కథ అంతా విప్పి చూసింది. ఆ మాటలను ఆమోదింపజేసుకునేటప్పుడు బీమా పరిశ్రమ రాష్ట్ర నియంత్రణాధికారులతో ఇది పాత హామీకి వివరణ మాత్రమేనని చెప్పింది. ప్రీమియం తగ్గించకుండానే ఆమోదం పొందింది. తర్వాత కోర్టుల్లో మాత్రం ‘సడెన్’ అంటే అకస్మాత్తుగా అని, ఏళ్ల తరబడి జరిగిన కాలుష్యానికి హామీ లేదని వాదించింది. ఒక చోట ఒక మాట చెప్పి మరో చోట ఇంకో మాట చెప్పడాన్ని అనుమతించబోమని కోర్టు తేల్చి, పాలసీదారు తెలిసి తెలిసి ఉద్దేశపూర్వకంగా కాలుష్యకారకాన్ని వదిలిన సందర్భాలకే ఆ మినహాయింపును పరిమితం చేసింది. ఇదే వాదన మిషిగన్‌లో నిలవలేదు. అక్కడ 1991 నాటి అప్‌జాన్ తీర్పు ప్రకారం ‘సడెన్’ అంటే కాలానికి సంబంధించిన మాటే. ఇండియానాలో 1996 నాటి కైగర్ తీర్పు ఇంకా ముందుకు వెళ్లి, కాలుష్యకారకం అనే మాటే అస్పష్టమని చెప్పింది. ఈ సమాధానం చదివే మరొకరు ఒహాయోలోనో టెక్సస్‌లోనో ఉంటే, నేను మీకు చెప్పింది వారికి అలాగే వర్తిస్తుందని అనుకోవద్దని మనవి.

చట్టబద్ధంగానే పారబోశారు కదా, అప్పట్లో అందరూ చేసిందే కదా, మేమెందుకు కట్టాలి అని మీరు అడిగారు. ఆ బాధ న్యాయమైనదే. అయితే 1978లో నయాగరా ఫాల్స్ దగ్గరి లవ్ కెనాల్ ఉదంతం దేశాన్ని కుదిపేశాక, 1980 డిసెంబర్ 11న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం తప్పు ఎవరిదని అడగదు. స్థలం యజమాని, నడిపినవారు, వ్యర్థాలను పంపే ఏర్పాటు చేసినవారు, ఆ చోటును ఎంచుకుని రవాణా చేసినవారు అంటూ నాలుగు వర్గాల మీద బాధ్యత పెడుతుంది. చట్టం రాకముందు చేసిన పనికి కూడా వర్తిస్తుంది. నష్టాన్ని విడదీసి చూపించలేకపోతే ఒక్కరి నుంచే మొత్తం రాబట్టడానికి కూడా ప్రభుత్వానికి వీలుంటుంది. మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన ఎడిసన్‌లోనే, రారిటన్ నది ఒడ్డున ఉన్న కిన్-బక్ ల్యాండ్‌ఫిల్ ఈ జాబితాలో చేరిన చోటు. సౌత్ జెర్సీలోని లిపారీ ల్యాండ్‌ఫిల్ ఒకప్పుడు దేశం మొత్తం జాబితాలో మొదటి స్థానంలో ఉండేది. న్యూజెర్సీలో పాత ఫ్యాక్టరీ కొన్నవారికి ఇలాంటి ఉత్తరం రావడం అరుదు కాదు.

మీరు కొన్నది షేర్లా, ఆస్తులా? నేను మొదట చూసే కాగితం 1989 నాటి కొనుగోలు ఒప్పందం. మీ నాన్నగారు షేర్లు కొని ఉంటే, కంపెనీ అదే చట్టపరమైన వ్యక్తిగా కొనసాగుతుంది. బాధ్యత దానిదే, పాత పాలసీలూ దానివే. యంత్రాలు, భవనం, పేరు మాత్రమే కొని ఉంటే కథ మారుతుంది. అప్పుడు పాత కంపెనీ బాధ్యత మీకు సంక్రమించిందా అన్నదే మొదటి వివాదం అవుతుంది, ఈపీఏకు ఇచ్చే సమాధానంలో అదే మీ మొదటి రక్షణ కావచ్చు. ఒకవేళ ఒప్పందంలో బాధ్యతలతో పాటు పాలసీ హక్కులు కూడా బదిలీ అయి ఉంటే, మా అనుమతి లేకుండా పాలసీని బదిలీ చేయకూడదన్న షరతును బీమా కంపెనీ ఎత్తి చూపుతుంది. నష్టం జరిగిపోయిన తర్వాత ఆ హక్కును బదిలీ చేయడానికి వారి అనుమతి అక్కర్లేదని 2017లో జివోడాన్ కేసులో న్యూజెర్సీ సుప్రీం కోర్టు చెప్పింది. అదీ పాత కర్మాగారం కాలుష్యం గురించిన కేసే.

ఇక డబ్బు లెక్క. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మీరు ఏ పాలసీ కోసం ఎంత శ్రమ పడాలో ఈ లెక్కే చెబుతుంది. ఏళ్ల తరబడి సాగిన నష్టాన్ని పాలసీల మధ్య పంచడంలో అమెరికాలో రెండు దారులున్నాయి. ఒహాయో, వాషింగ్టన్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో పాలసీదారు తనకు నచ్చిన ఒక ఏడాది పాలసీని ఎంచుకుని దాని లిమిట్ (ఆ పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) దాకా మొత్తం అడగవచ్చు. న్యూజెర్సీలో అలా కుదరదు. 1994 నాటి ఓవెన్స్-ఇలినాయ్ తీర్పు ప్రకారం ప్రతి ఏడాదికీ, ఆ ఏడాది లిమిట్‌ను బట్టి, వాటా వేస్తారు. 1998లో కార్టర్-వాలెస్ తీర్పు, ఫ్రీహోల్డ్ టౌన్‌షిప్‌లోని లోన్ పైన్ ల్యాండ్‌ఫిల్ శుద్ధికి సంబంధించినది, ఎక్సెస్ పాలసీలకు ఈ పద్ధతి ఎలా వర్తిస్తుందో చెప్పింది: ఒక ఏడాదికి పడిన వాటాను ఆ ఏడాది ప్రైమరీ పాలసీ ముందు కడుతుంది, అది అయిపోతే ఆ పైనున్న ఎక్సెస్ పాలసీ అందుకుంటుంది.

ఉదాహరణకు మీ వాటా 12 లక్షల డాలర్లే అనుకుందాం, నష్టం 1968 నుంచి 1985 వరకు 18 ఏళ్లు సాగిందనుకుందాం. మొదటి 4 ఏళ్లు లిమిట్ ఏడాదికి లక్ష డాలర్లు, తర్వాతి 5 ఏళ్లు 3 లక్షలు, చివరి 9 ఏళ్లు 5 లక్షలు ఉందనుకుందాం. మొత్తం లిమిట్లు 64 లక్షలు. అప్పుడు మొదటి నాలుగేళ్లలో ఒక్కో ఏడాదికి పడేది 18,750 డాలర్లు, మధ్య ఏళ్లకు 56,250, చివరి తొమ్మిదేళ్లకు ఒక్కో ఏడాదికి 93,750. మినహాయింపు లేని పాత పాలసీలు పోరాటానికి తేలికైనవే గానీ, న్యూజెర్సీ లెక్కలో డబ్బు ఎక్కువగా ఉన్నది, ఈ ఉదాహరణలో, 1977 నుంచి ఉన్న పాలసీల్లో. కాబట్టి పాత కాగితం దొరికిందన్న సంతోషంలో 1980ల పాలసీల కోసం వెతకడం ఆపకండి. ఒక ఏడాది బీమా ఉండేదని రుజువు కాకపోతే ఆ వాటా మీ మీదే పడుతుంది. 1986 తర్వాత కాలుష్యానికి బీమా మార్కెట్లో దొరకలేదు కాబట్టి, కొనడానికే వీలులేని ఆ ఏళ్ల వాటాను న్యూజెర్సీలో పాలసీదారు నెత్తిన వేయరు. పక్కనున్న న్యూయార్క్‌లో 2018 నాటి కీస్పాన్ తీర్పు ఇందుకు విరుద్ధంగా ఉంది.

12 లక్షల అంకెను కూడా ఇప్పుడే ఒప్పుకోకండి. వాటాలను సాధారణంగా ఎవరు ఎంత పరిమాణం పోశారన్న దాన్ని బట్టి, ఎంత విషపూరితమన్న దాన్ని బట్టి పంచుతారు. ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాయో నమోదు చేసే ఫెడరల్ మ్యానిఫెస్టు పద్ధతి 1980లో గానీ అమల్లోకి రాలేదు కాబట్టి, అంతకుముందు లెక్కలన్నీ లారీ కాంట్రాక్టరు పుస్తకాల మీద, డ్రైవర్ల జ్ఞాపకాల మీద ఆధారపడినవే. ఇక్కడే పాత పాలసీ చేసే రెండో మేలు ఉంది. పాత సీజీఎల్ పాలసీల్లో మీ తరఫున వాదించే ఖర్చును కూడా బీమా కంపెనీ భరించాలి, ఆ ఖర్చు సాధారణంగా లిమిట్‌లోంచి తగ్గదు. మంచి న్యాయవాది, మంచి హైడ్రోజియాలజిస్టు (భూగర్భజల నిపుణుడు) ఉంటే వాటా సగానికి దిగిన సందర్భాలు నాకు తెలుసు. పెద్ద కంపెనీల బృందం ముందు చిన్న కంపెనీ ఒంటరిగా నిలబడినప్పుడు ఈ రక్షణ హామీయే కొన్నిసార్లు అసలు పరిహారం కంటే ఎక్కువ విలువ చేస్తుంది.

ఈపీఏ ఉత్తరం ‘దావా’ కాదు కాబట్టి వాదించే బాధ్యత మాకు లేదని కొన్ని బీమా కంపెనీలు అంటాయి. మిషిగన్ సుప్రీం కోర్టు 1994లో, టెక్సస్ సుప్రీం కోర్టు 2015లో ఆ వాదనను తోసిపుచ్చాయి. కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1998లో ఒప్పుకుంది. మీకు వచ్చిన ఉత్తరం ఏ రకమో కూడా చూడాలి. సమాచారం కోరే 104(ఇ) ఉత్తరం వేరు, మీరు బాధ్యులు కావచ్చని చెప్పే నోటీసు వేరు, చర్చలకు గడువు పెట్టే స్పెషల్ నోటీసు వేరు. చివరిదైతే 60 రోజుల గడియారం తిరగడం మొదలైనట్టే.

ఇప్పుడు వెతకడం గురించి. పాలసీ పుస్తకమే దొరకాలన్న నియమం లేదు. పాలసీ పోయిందని, దాని కోసం నిజాయితీగా వెతికామని చూపిస్తే, అది ఉండేదని ఇతర కాగితాలతో రుజువు చేయడానికి కోర్టులు అనుమతిస్తాయి. బీమా కంపెనీ పేరు, కాలం, లిమిట్, వీలైతే పాలసీ నంబరు, ఇవి తేలితే చాలు. లోపలి షరతులను ఆనాటి ప్రామాణిక ఫారంతో చూపించవచ్చు.

నా అనుభవంలో అన్నిటికంటే ఫలించిన కాగితం అంబ్రెల్లా పాలసీ, అంటే ప్రైమరీ పాలసీ లిమిట్ అయిపోయాక ఆదుకునే పాలసీ. దాని చివర, దాని కింద ఉన్న ప్రైమరీ పాలసీల పట్టిక ఉంటుంది: కంపెనీ పేరు, నంబరు, కాలం, లిమిట్ అన్నీ. ఒక రంగుల తయారీ కంపెనీ కోసం వెతికినప్పుడు 4 నెలలు మాకు ఏమీ దొరకలేదు. చివరికి గోదాము అటకమీద, పన్ను కాగితాల పెట్టెలో, 1974 నాటి అంబ్రెల్లా పాలసీ పేజీలు మూడు దొరికాయి. అందులోని ప్రైమరీ పాలసీ నంబరు పట్టుకుని ఆ బీమా కంపెనీని అడిగితే, డిక్లరేషన్ల పేజీ (పాలసీ ముఖ్య వివరాలుండే పేజీ) నకలు ఇచ్చారు. ఆ పేజీ పైభాగంలో ‘దీనికి ముందు పాలసీ నంబరు’ అనే గడి ఉంటుంది. అది పట్టుకుని వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లి 1965 దాకా చేరుకున్నాం. 1960లలో చాలా పాలసీలు మూడేళ్ల కాలానికి ఇచ్చేవారు కాబట్టి ఒక్క పేజీతో మూడేళ్లు దొరుకుతాయి. ఆ మూడేళ్లకు లిమిట్ ఒకటేనా, ఏడాదికొకటా అన్నది వేరే పోరాటం.

పాలసీలు లేకపోతే జనరల్ లెడ్జరులో బీమా ఖర్చు కింద రాసిన పద్దులు చూడండి, వాటిలో బ్రోకరు పేరు ఉంటుంది. మీ అకౌంటెంటు దగ్గర పాత ఆడిట్ కాగితాలు ఉండవచ్చు. ప్లేటింగ్ కంపెనీ కాబట్టి పెద్ద కొనుగోలుదారులు బీమా సర్టిఫికెట్ అడిగి తమ ఫైళ్లలో పెట్టుకుని ఉంటారు. మిలిటరీ కాంట్రాక్టులకు భాగాలు చేసి ఉంటే ఇది మరీ నిజం. భవనం మీద అప్పు ఇచ్చిన బ్యాంకు, పాత లీజు, ఎప్పుడో ఎవరో జారిపడి వేసిన దావా తాలూకు కోర్టు ఫైలు, ఇవన్నీ బీమా కంపెనీ పేరు చెప్పగలవు. కార్మికుల పరిహార బీమా ఎవరిచ్చారన్న రికార్డులు న్యూజెర్సీలో రేటింగ్ బ్యూరో దగ్గర ఉంటాయి. అప్పట్లో చిన్న కంపెనీలకు అదే బీమా సంస్థ లయబిలిటీ పాలసీ కూడా ఇచ్చేది కాబట్టి ఆ ఆచూకీ చాలాసార్లు పనిచేస్తుంది.

ల్యాండ్‌ఫిల్ సొంతదారైన ఒక చిన్న పట్టణం తరఫున పనిచేసినప్పుడు వారి దగ్గర ఒక్క పాలసీ కూడా మిగలలేదు. కానీ పట్టణ గుమాస్తా కార్యాలయంలో కౌన్సిల్ మినిట్స్ బైండు పుస్తకాలుగా ఉన్నాయి. ప్రతి నెలా ఆమోదించిన బిల్లుల జాబితాలో బీమా ప్రీమియం కూడా ఉండేది, కొన్ని చోట్ల పాలసీ నంబరుతో సహా. 17 ఏళ్ల బీమా చరిత్రను ఆ పుస్తకాల నుంచే కట్టుకొచ్చాం. మీ కంపెనీకి బోర్డు మినిట్స్ ఉంటే వాటిని ఆ కంటితో చదవండి.

దొరికిన పేరు ఇప్పుడు ఏ బోర్డు మీదా కనిపించకపోతే నిరుత్సాహపడకండి. ఏట్నా క్యాజువాల్టీ పాలసీల బాధ్యత 1996 తర్వాత ట్రావెలర్స్ వైపు వచ్చింది. యూఎస్ఎఫ్ అండ్ జీ కూడా సెయింట్ పాల్ మీదుగా అక్కడికే చేరింది. కాంటినెంటల్ 1995లో సీఎన్ఏలో కలిసింది. ఐఎన్ఏ పేరు సిగ్నాగా, తర్వాత ఏస్‌గా మారి ఇప్పుడు చబ్ గొడుగు కింద ఉంది. హోమ్ ఇన్సూరెన్స్, రిలయన్స్ వంటివి మాత్రం దివాలా ప్రక్రియలోకి వెళ్లిపోయాయి. అలాంటి ఏడాది మీకు తగిలితే, దివాలా తీసిన బీమా కంపెనీల బదులు చెల్లించే గ్యారంటీ ఫండు కంటే ముందు నిలిచి ఉన్న బీమా కంపెనీలే తమ పాలసీలు అయిపోయేదాకా భరించాలని న్యూజెర్సీ సుప్రీం కోర్టు 2013లో చెప్పిందన్నది గుర్తుపెట్టుకోండి.

నోటీసు ఇప్పుడే పంపండి. ఒక్క పేరు తెలిసినా, నంబరు తెలియకపోయినా పంపండి. మీ కంపెనీకి ఇచ్చిన ప్రైమరీ, ఎక్సెస్, అంబ్రెల్లా పాలసీలన్నిటి కింద నోటీసు ఇస్తున్నామని, వాదించే ఖర్చు, పరిహారం రెండూ కోరుతున్నామని, వారి దగ్గరున్న పాలసీ నకళ్లన్నీ పంపమని రాయాలి, ఈపీఏ ఉత్తరం జత చేయాలి. ఆలస్యం వల్ల తమకు చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని బీమా కంపెనీయే రుజువు చేయాలన్నది న్యూజెర్సీలో 1968 నుంచి ఉన్న సూత్రమే. అయినా నోటీసుకు ముందు మీరు పెట్టిన ఖర్చును, అడగకుండా ఇచ్చిన మాటను వారు అంత తేలికగా ఒప్పుకోరు. ఒక కుటుంబం తమ వాటా చిన్నదే కదా అనుకుని, గొడవ తొందరగా ముగించుకోవాలని ఇతర కంపెనీల బృందంతో సంతకం చేసి, డబ్బు కట్టి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది. వారి పాలసీలు 11 దొరికాయి. స్వచ్ఛందంగా చెల్లించినది మా బాధ్యత కాదన్న షరతు ముందు ఆ పాలసీలు వారికి అక్కరకు రాలేదు. ఆ సంతకం 3 నెలలు ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నోటీసుకు జవాబుగా ‘హక్కులను రిజర్వు చేసుకుంటున్నాం’ అంటూ పేజీలకు పేజీల ఉత్తరం, దానితో పాటు పదుల కొద్దీ ప్రశ్నలు వస్తాయి. తర్వాత కాదనే హక్కును ఉంచుకోవడమే అది, తిరస్కారం కాదు. నేను అటువైపు పనిచేసినప్పుడు అలాంటి ఉత్తరాలు వందల కొద్దీ రాశాను. సగం మంది దాన్ని చూసి మళ్లీ జవాబివ్వలేదు. మీరు ఇవ్వండి, ప్రతి ఉత్తరానికీ తేదీ వేసి నకలు ఉంచుకోండి.

ఈపీఏ 104(ఇ) ప్రశ్నలకు జవాబు పూర్తిగా నిజమై ఉండాలి, గడువులోగా వెళ్లాలి. ఆ ప్రశ్నల్లో మీ బీమా వివరాలు కూడా ఉంటాయి. అయితే ఆ జవాబును రేపు బీమా కంపెనీ కూడా చదువుతుంది. ఈ మడ్డి నీళ్లలోకి దిగుతుందని పాత యజమానికి ముందే తెలుసని ఎవరో ఊహించి రాసిన ఒక్క వాక్యం, ‘ఊహించిన నష్టం’ అన్న మినహాయింపుకు ఆధారమైపోతుంది. తెలిసింది రాయండి, తెలియని దాన్ని ఊహించి రాయకండి, న్యాయవాది చూడకుండా పంపకండి. ఆ న్యాయవాది కూడా పాలసీదారుల పక్షాన పనిచేసేవారై ఉండాలి. బీమా కంపెనీల పనులు చూసే సంస్థలు ఇలాంటి కేసు తీసుకోలేవు, తీసుకోకూడదు.

చివరికి చాలా కేసులు రాజీలోనే ముగుస్తాయి. అప్పుడు బీమా కంపెనీ పాలసీని తిరిగి కొనుక్కుంటామని అడగవచ్చు. అంటే ఒక మొత్తం ఇచ్చి, ఆ పాలసీల కింద ఇక ఏ క్లెయిమూ లేదని రాయించుకోవడం. మీ ఫ్యాక్టరీ 1958 నుంచి ఒకే స్థలంలో ఉంది కాబట్టి దాని కింద కూడా ఏమైనా ఉండే అవకాశం ఉంది. సొంత స్థలం కాలుష్యానికి పాలసీ వర్తించకపోయినా, అది భూగర్భజలంలోకి చేరితే వర్తిస్తుంది. కాబట్టి ఈ ఒక్క ల్యాండ్‌ఫిల్‌కే పరిమితమైన రాజీకి ఒక ధర, పాలసీ మొత్తాన్ని వదులుకోవడానికి దానికంటే చాలా ఎక్కువ ధర అని ముందే మనసులో పెట్టుకోండి. అన్ని పాలసీలనూ చవకగా వదిలేసిన రెండేళ్లకు సొంత బావి నీటిలో ట్రైక్లోరోఎథిలీన్ అనే సాల్వెంటు బయటపడిన కంపెనీ ఒకటి నాకు తెలుసు.

నాన్నగారికి 81 ఏళ్లని, జ్ఞాపకశక్తి తగ్గుతోందని, ఈ విషయంతో ఆయనను బాధపెట్టడం ఇష్టం లేదని రాశారు. మీ మనసు అర్థమైంది. అయినా ఆయన దగ్గర ఒక గంట కూర్చోమనే చెబుతాను. ఈపీఏ ఉత్తరం ఊసు ఎత్తనక్కర్లేదు. కంపెనీ కొన్న రోజుల గురించి అడగండి: పాత యజమాని ఎవరి దగ్గర బీమా తీసుకునేవాడు, ఆ బ్రోకరు ఏ ఊళ్లో ఉండేవాడు, కొనేటప్పుడు పెట్టెల కొద్దీ కాగితాలు ఇచ్చారా, అవి ఎక్కడ పెట్టారు, అప్పటి అకౌంటెంటు ఎవరు. పాత విషయాలు వారికి నిన్నటి విషయాల కంటే బాగా గుర్తుండటం నేను చాలాసార్లు చూశాను. ఈలోగా ఫ్యాక్టరీలో ఎవరూ ఏ పాత పెట్టెనూ పారేయకుండా, ష్రెడ్డింగుకు పంపకుండా ఈరోజే అందరికీ రాతపూర్వకంగా చెప్పండి. బ్రోకరు పేరు, ఊరు తెలిస్తే ఇక్కడే రాయండి. ఆ ఏజెన్సీ తర్వాత ఎవరి చేతుల్లోకి వెళ్లిందో కనుక్కోవడం ఎలాగో చెబుతాను.